ఇటాలియన్ 'సపేరె'కి ఇంగ్లిష్ దారెందుకు?

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో ఇటలీకి వెళ్లే విద్యార్థుల కోసం ముఖ్యమైన ఇటాలియన్ మాటల పట్టిక వేశారు. మంచి పని. మా చిత్తూరు నుంచి, తిరుపతి నుంచి కూడా పిల్లలు అక్కడి యూనివర్సిటీలకు పోతున్నారు, వాళ్లకు ఇలాంటివి కావాలి. కానీ ఆ పట్టికలో ఒకచోట 'సపేరె – టు నో – తెలుసుకొనుట' అని, నాలుగు వరసల కింద 'కొనోషెరె – టు నో – తెలుసుకొనుట' అని ఉంది. చదివిన పిల్లవాడు ఏమనుకుంటాడు? రెండూ ఒకటే, ఏది వాడినా చెల్లుతుంది అనుకుంటాడు. అసలు ఆ 'నో' అన్న మాటను తెలుగులో రాస్తే అది 'తెలుసు' అనో 'కాదు' అనో కూడా తేలదు. ఇటాలియన్‌లో నో అంటే కాదనే అర్థం!

మధ్యలో ఇంగ్లిష్‌ను నిలబెట్టకుండా ఇటాలియన్ పక్కనే నేరుగా తెలుగు పెట్టి ఉంటే ఈ తికమక వచ్చేది కాదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

నేను భాషా పండితుణ్ని కాను. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇటలీలో పార్మా చుట్టుపక్కల టమాటా పరిశ్రమ పెద్దది. దాన్ని ఆనుకుని అక్కడ ఆహార యంత్రాల కంపెనీలూ పెరిగాయి. టమాటా గుజ్జుకు పనికొచ్చిన యంత్రాలు మన తోతాపురి గుజ్జుకూ పనికొచ్చాయి. యంత్రం కొన్నవాళ్లకు మెకానిక్కులు కూడా అక్కడి నుంచే వచ్చేవాళ్లు. సీజన్ మొదలయ్యే ముందు బిగించి, తిప్పి చూపించి, దామలచెరువు మండీ నుంచి లారీలు బారులు తీరేదాకా ఉండి వెళ్లేవాళ్లు. వాళ్లకు ఇంగ్లిష్ అంతంత మాత్రం, మాకూ అంతే. అలా నాకు పట్టుబడిన భాష ఇది. తర్వాత పుస్తకాలు తెప్పించుకుని గట్టిపరుచుకున్నాను. ఇప్పుడు ఇటలీ వెళ్లే పిల్లలు మా ఇంటికి వచ్చి నాలుగు మాటలు నేర్చుకుని పోతుంటారు.

ఈ 'సపేరె' నా ముందుకు మొట్టమొదట వచ్చింది 'తెలుసు' అన్న అర్థంతో కాదు. కొత్త లైన్ తిప్పిన రోజున మొదటి గుజ్జు బయటికి వచ్చింది. రిఫ్రాక్టోమీటర్‌లో చూస్తే బ్రిక్స్, అంటే తీపి కొలత, 14 దాటింది, పులుపూ పీహెచ్ కూడా ఉండాల్సిన చోటే ఉన్నాయి. కాగితం మీద ఒక్క తప్పు లేదు. పార్మా నుంచి వచ్చిన పెద్దాయన స్పూనుతో కొంచెం నోట్లో వేసుకుని మొహం చిట్లించి, "సా ది కొత్తో" అన్నాడు. మా ఫోర్‌మన్ వెంటనే "కొత్తది అంటా ఉండాడు సార్, బాగుందనే కదా" అని సంబరపడ్డాడు. మాటలు తిప్పి చెప్పడానికి బెంగళూరు నుంచి వచ్చిన ఇంజనీరు జేబులో డిక్షనరీ తీసి చూశాడు. 'సా' అంటే 'హీ నోస్', 'కొత్తో' అంటే 'కుక్డ్' అని ఉంది. "ఆయనకు వంట తెలుసంట" అని తేల్చాడు. మేనేజర్ గారు మర్యాదస్తుడు, అయితే మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఏదన్నా చేసి చూపించమనండి అన్నారు.

పక్కన తొడిమలు కోసే లైన్ మీద నుంచి ఒకామె వచ్చి అదే గుజ్జు వేలితో నాకి, "ఉడికిన వాసన కొడతా ఉండాది కదా సార్" అంది. పెద్దాయన చెప్పింది అక్షరాలా అదే. ఆవిరి వాల్వు సరిగా మూసుకోక గుజ్జు అవసరానికి మించి కాగింది.

'సా' అన్నది 'సపేరె' రూపమే. 'సపేరె' పక్కన 'ది' చేరితే అది రుచి, వాసనల మాట అయిపోతుంది. 'సా ది లిమోనె' అంటే నిమ్మకాయ రుచి తగులుతోంది. 'సా ది అక్వా' అంటే నీళ్ల రుచి. లైన్ కడిగిన నీళ్లు పూర్తిగా పోకముందే గుజ్జు వదిలితే అనేవాళ్లు. 'నోన్ సా ది నియెంతె' అంటే చప్పిడి, రుచీ పచీ లేదు. సీసా బిరడా వల్ల వైన్ చెడితే 'సా ది తాప్పో', బిరడా వాసన వేస్తోంది అంటారు. మనం మాడు వాసన, పచ్చి వాసన అంటూ నాలుకకు తగిలేదాన్ని కూడా వాసన ఖాతాలో వేస్తాం కదా, ఇటాలియన్‌లో ఆ రెండు పనులూ ఈ మాటే చేస్తుంది. దీన్ని ఇంగ్లిష్ 'నో' గుండా తెలుగులోకి ఎలా తెస్తారో చెప్పండి.

అసలు రుచే దీని పాత అర్థం. లాటిన్‌లో ఈ క్రియ మొదట రుచి కలిగి ఉండటం, రుచి పట్టడం. ఆ తర్వాత వివేకం కలిగి ఉండటం. ఇటాలియన్‌లో రుచిని ఇప్పటికీ 'సపోరె' అనే అంటారు. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ మన జాతికి హోమో సేపియన్స్ అని పేరు పెట్టినప్పుడు వివేకవంతుడనే ఉద్దేశంతోనే పెట్టాడు గానీ, ఆ మాట వేరు తవ్వితే నాలుక దగ్గర తేలుతుంది. పోప్ ఎనిమిదో బోనిఫేస్ 1303లో రోమ్‌లో స్థాపించిన విశ్వవిద్యాలయం పేరు 'లా సపియెంత్సా'. మన పిల్లలు కొందరు అప్లికేషన్లు పెట్టుకునేది దానికే. పేరుకు అర్థం వివేకం, పుట్టుక ఇదే మాటలో.

టస్కనీ ప్రాంతంలో రొట్టెకు ఉప్పు వేయరు. ఆ ఉప్పులేని రొట్టెను వాళ్లు 'పానె షొక్కో' అంటారు. మామూలు ఇటాలియన్‌లో 'షొక్కో' అంటే తెలివితక్కువవాడు! ఆ ఊళ్ల నుంచే, ఫ్లోరెన్స్ నుంచి, 1302లో దేశ బహిష్కారం పడ్డవాడు మహాకవి దాంతె. ఆయన కావ్యంలో ఒక పూర్వీకుడు ఆయనకు జరగబోయేది చెబుతూ, పరాయివాళ్ల రొట్టె ఎంత ఉప్పగా ఉంటుందో నీకే అనుభవానికి వస్తుందంటాడు. అక్కడ వాడిన మాట 'సా ది సాలె', ఉప్పు రుచి. ఉప్పులేని రొట్టె తిని పెరిగినవాడికి ఆ మాట నాలుక మీదా తగులుతుంది, ఇంకోచోటా తగులుతుంది. హాస్టల్ తిండి తినబోయే పిల్లలకు ఈ మాట చెబితే వ్యాకరణం అడగకుండానే 'సపేరె ది' గుర్తుండిపోయింది.

మన 'తెలుసు'కు ఈ రుచి లేదు. దానిది 'తెల్ల', 'తేటతెల్లం' కుటుంబం. చీకటి విడిపోయి కంటికి స్పష్టంగా కనిపించడం దాని స్వభావం. రుచి దారి మనకు లేకపోలేదు, 'చవిచూడటం' ఉంది. కష్టాలు చవిచూశాడు, ఓటమి చవిచూశాడు అంటాం. అయితే అది అనుభవం దగ్గర ఆగిపోయింది, తెలుసుకోవడం దాకా రాలేదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'రసజ్ఞుడు' మాత్రం రుచిని, తెలివిడిని ఒకే మాటలో ముడేసింది. అమరకోశంలో నాలుకకు ఉన్న పేర్లలో 'రసజ్ఞ' ఒకటి. అందులోని 'జ్ఞ', ఇటాలియన్ 'కొనోషెరె' రెండూ ఒకే పాత మూలం నుంచి వచ్చినవని భాషాశాస్త్రవేత్తలు చెబుతారు.

సరే, పిల్లలకు రోజూ పనికొచ్చే సంగతికి వస్తాను.

'సపేరె' తర్వాత ఇంకో క్రియ వస్తే అది మన 'వచ్చు'. 'నాకు' అన్నప్పుడు 'సపేరె' కాస్తా 'సో' అవుతుంది. 'సో కుచినారె' అంటే నాకు వంట వచ్చు. 'నోన్ సో కుచినారె' అంటే వంట రాదు. వంట వచ్చి కూడా చెయ్యి విరిగి చేయలేకపోతే, ఇంటివాళ్లు ఒప్పుకోక చేయలేకపోతే, వేరే క్రియ, 'పోతెరె': 'నోన్ పోస్సో కుచినారె', వండలేను. తెలుగులో ఈ తేడా మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. 'ఈత రాదు' అన్నవాణ్ని, 'ఈదలేను' అన్నవాణ్ని మనం ఒకే గాటన కట్టం. ఇంగ్లిష్‌లో రెంటికీ 'కాంట్' ఒకటే సరిపోతుంది. మా వీధి కుర్రవాడు ఒకడు అక్కడ అద్దెకు దిగి, ఇంటి ఓనరమ్మతో 'నోన్ పోస్సో కుచినారె' అన్నాడు. వాడు మనసులో ఇంగ్లిష్ వాక్యం అనుకుని దాన్ని తిప్పాడు. ఆమె పాపం పొయ్యి చెడిపోయిందేమోనని మనిషిని పిలిపించింది. వాడు తెలుగులో 'రాదు' అనుకుని ఉంటే నోట్లోంచి 'సో' వచ్చేది.

ఈ విషయంలో మా జిల్లా వాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ఒకపక్క తమిళం, ఒకపక్క కన్నడం. తమిళం మాట్లాడే ఇళ్లలో 'ఎనక్కు నీచ్చల్ తెరియుం' అంటారు. ఈత వచ్చు అనడానికి కూడా 'తెలుసు' మాటే. ఇటాలియన్ పద్ధతి ఇక్కడ అచ్చంగా తమిళానిది. కన్నడం మనలాగే 'బరుత్తె' అంటుంది. ఇంట్లో తమిళం, బడిలో తెలుగు ఉన్న పిల్లవాడికి 'సో నువొతారె', నాకు ఈత వచ్చు, చెప్పాలంటే ఒక్క నిమిషం చాలు. వాడికి కూడా మనం ఇంగ్లిష్ ద్వారానే చెబుతున్నాం.

ఇక మనుషులు, ఊళ్లు. ఒక మనిషితో పరిచయం ఉంటే, ఒక ఊరు తిరిగి ఎరిగి ఉంటే 'కొనోషెరె'. సంగతి తెలిస్తే 'సపేరె'. 'సో కి ఎ, మా నోన్ లో కొనోస్కో' అన్న వాక్యం పిల్లలతో నేను పదేపదే అనిపిస్తాను. ఆయనెవరో తెలుసు గానీ ఆయనతో పరిచయం లేదు అని. మా ఎమ్మెల్యే గురించి చిత్తూరులో ఎవరైనా అనగల మాట అది. పాత తెలుగులో అయితే 'ఎరుగుదును' ఇక్కడ చక్కగా ఒదిగేది. 'ముక్కూ మొహం ఎరగనివాడు' అంటాం గానీ 'ముక్కూ మొహం తెలియనివాడు' అంటే ఏదో వెలితిగా ఉంటుంది. అయితే ఎరుగుదును అంటే కొనోషెరె అని గీత గీసినట్టు చెప్పను. 'ఈ సంగతి నేనెరగను' అని కూడా అంటాం కాబట్టి అది రెండు వైపులా పోతుంది. పైగా 'ఎరుగుదును' ఇప్పుడు పెద్దవాళ్ల నోట తప్ప వినపడటం లేదు, 'ఆయన నాకు తెలుసు' అనేస్తున్నాం. అందుకే పిల్లలకు నేను 'పరిచయం' అన్న మాట పట్టుకోమంటాను. వాక్యంలో 'పరిచయం' ఇమిడితే కొనోషెరె, 'అని తెలుసు', 'ఎవరో తెలుసు', 'ఎక్కడో తెలుసు' ఇమిడితే సపేరె. భాషల దగ్గర మాత్రం ఇటాలియన్లు రెండూ వాడతారు, అక్కడ భయపడక్కర్లేదు.

జరిగిపోయిన కాలంలోకి వెళ్తే తెలుగు ఇంకా బాగా కుదురుతుంది. 'లో సపేవో' అంటే నాకు అప్పటికే తెలుసు. 'లో సపూతో' అంటే తెలిసింది, ఎవరో చెబితే, పేపర్లో చూస్తే. ఒకే క్రియ, కాలం మారేసరికి ముందునుంచీ ఉన్న ఎరుక ఒకటి, కొత్తగా చెవిన పడ్డ సంగతి ఒకటి అయిపోయాయి. 'తెలుసు', 'తెలిసింది' అనే మనవాళ్లకు ఇందులో నేర్పాల్సిందేముంది! అలాగే 'లో కొనోషూతో' అంటే ఫలానా చోట పరిచయమయ్యాడు. ఇంగ్లిష్ పుస్తకాలు దీనికోసం ఫౌండ్ ఔట్, మెట్ అని వేరే క్రియలు వెతుక్కుని ఒక పేజీ వివరణ రాస్తాయి.

మనిషి స్పృహ కోల్పోతే ఇటాలియన్లు 'పెర్దెరె కొనోషెంత్సా' అంటారు, అంటే ఎరుక పోగొట్టుకోవడం. మేం 'తెలివి తప్పి పడిపోయినాడు' అంటాం. ఆస్పత్రిలో అవసరపడే మాట కాబట్టి మీ పట్టికలో దీనికి చోటివ్వండి.

మీరు వేసిన పట్టికలో మర్యాద సంగతి అసలే లేదు. 'లో సాయ్?' అంటే నీకు తెలుసా. 'లో సా?' అంటే మీకు తెలుసా. ప్రొఫెసర్‌నో ఆఫీసులో పెద్దావిడనో 'సాయ్' అని అడిగితే మన దగ్గర హెడ్మాస్టర్‌ను 'నీకు తెల్సా' అన్నట్టే ఉంటుంది. ఇంగ్లిష్ 'యూ'లో ఇది కనపడదు, పట్టిక తయారు చేసినవారికీ అందుకే కనపడలేదు.

ఇంకోటి, నాకు బాగా ఇష్టమైనది: 'మి సా కె'. దీని అర్థం 'నాకెందుకో అనిపిస్తోంది'. 'మి సా కె పియోవె', వాన పడుతున్నట్టుంది. ఇక్కడ 'మి' అంటే నాకు. 'నేను' అని మొదలయ్యే క్రియ కాస్తా 'నాకు' అని మొదలైంది, మన 'నాకు తెలుసు'లాగే. 'మి పియాచె' కూడా అంతే, నాకు నచ్చింది. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకు 'ఐ లైక్' నుంచి 'మి పియాచె'కు పోవడం కొండెక్కినంత పని. 'నాకు నచ్చింది' నుంచి పోతే పక్క గదిలోకి వెళ్లినట్టే.

చిన్న చిన్నవి కొన్ని ఉన్నాయి. 'కె ఇయో సప్పియా' అంటే నాకు తెలిసినంతలో, ఆఫీసుల్లో పనికొస్తుంది. అన్నీ తెలిసినట్టు ముందుకొచ్చే చిన్నపిల్లవాడు 'సపుతెల్లో'. 'కి సా', అంటే ఎవరికి తెలుసు, కలిసిపోయి 'కిస్సా' అయింది. ఏమో మరి అని దాని అర్థం. మనకు ఉర్దూ నుంచి వచ్చిన కథ కిస్సాతో దీనికి చుట్టరికం లేదు. ఇక ఏమీ తెలియనప్పుడు భుజాలెగరేసి 'బో' అంటారు. అన్నిటికన్నా ముందు మెకానిక్కుల దగ్గర మా లేబర్ నేర్చుకున్న ఇటాలియన్ మాట అదే. స్పేర్ పార్టు ఎప్పుడొస్తుందని ఎవరు అడిగినా అదే జవాబు.

అక్షరాల గురించి కూడా చెప్పి ముగిస్తాను. మీరు 'సపుటో' అని వేశారు. ఇటాలియన్‌లో ట, డ లేవు. వాళ్ల 'టి', 'డి' మన త, ద. ఇంగ్లిష్ చెవితో విని రాస్తే ట అవుతుంది. పాస్తాను పాస్తా అనే రాసుకుంటున్నాం కదా, దీన్నీ 'సపూతో' అని వేయొచ్చు. ఒత్తులు కూడా జాగ్రత్తగా పడాలి. 'సానో' అంటే ఆరోగ్యవంతుడు, 'సన్నో' అంటే వాళ్లకు తెలుసు. 'కల'కు 'కల్ల'కు తేడా పలికే నోటికి ఇది కష్టం కాదు, అచ్చులో ఒత్తు ఎగిరిపోతే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు. మీ పట్టికలో 'సనో' అని ఉంది, అది ఏదీ కాదు.

వచ్చే వారం క్రియల రెండో భాగం వేస్తామని అన్నారు. అందులో ఇంగ్లిష్ గడి తీసేసి, ఆ జాగాలో ఒక్కో మాటకు చిన్న తెలుగు వాక్యం వేయించండి. 'వచ్చు–రాదు', 'లేను', 'తెలిసింది', 'పరిచయం', 'అనిపిస్తోంది' ఈ ఐదూ దగ్గర పెట్టుకుంటే సపేరె, కొనోషెరె, పోతెరె మూడూ తేలిపోతాయి. నా దగ్గర సీజన్ల నాటి నోటుబుక్కు ఉంది. మామిడి మరకలు పడి కొన్ని పేజీలు అంటుకుపోయాయి గానీ చదవడానికి వస్తుంది. మీ చిత్తూరు విలేకరి వస్తే ఫోటోలు తీసుకోవచ్చు. సాయంత్రం నాలుగు లోపల రమ్మనండి, ఆ తర్వాత పిల్లలు వస్తారు.

ఇట్లు,
గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో రిటైరైన మీ పాఠకుడు,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు.